జలమార్గం ఆఖరి ఘట్టం

మా లాడ్జిలో దిగిన ప్రతివాడూ సంచి కింద పెట్టకముందే నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏదండీ అందం?"

తప్పు వాళ్ళది కాదు. నా కౌంటరు వెనక గోడకి ఒక పెద్ద రేకు బోర్డు వేలాడుతుంటుంది. "మీరు చెల్లించే గది పన్నులో ప్రతి పైసా ఈ ఊరి అందానికే" అని నీలం మీద తెల్లటి అక్షరాలు. దాన్ని అందరికీ కనబడే చోట పెట్టకపోతే జరిమానా. గుమ్మమంత వెడల్పున్న ఆ రేకుకి గోడ చాలక మా మామగారి ఫొటోని పక్క గోడకి మార్చాల్సి వచ్చింది. గుమ్మం ముందు పొంగే మురిక్కాలవని గంతేసి దాటి, ముక్కు మూసుకొని లోపలికొచ్చిన మనిషికి ఎదురుగా ఆ మాట కనబడితే ఒళ్ళు మండదా? మండుతుంది. ఆ మంటంతా నా మీదే చల్లార్చుకుంటారు.

ఈ పన్ను సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మా ఊరికి సరస్సు చూడ్డానికి జనం వస్తారు. వాళ్ళ దగ్గర గది అద్దెతో పాటు పన్ను వసూలు చేసేది నేను. పట్టుకుపోయేది రాష్ట్రం. అందులో ముప్పావు వంతు అక్కడే ఉండిపోతుంది. మిగిలిన పావు మా మున్సిపాలిటీకి వాటాగా తిరిగొస్తుంది, అదీ ఒక షరతు మీద. టూరిస్టు చూసి ఆనందించే వాటికే ఖర్చు పెట్టాలి. మంచినీళ్ళ గొట్టం వేద్దామంటే, నీళ్ళు టూరిస్టు తాగుతాడు గానీ చూడడు కదా అన్నారు. వీధి దీపాలంటే, వాటి వెలుగులో వేరేది చూస్తాడు గానీ వాటిని చూడడన్నారు. మురిక్కాలవ బాగుచేయిద్దామంటే, చూస్తాడు, ఒప్పుకున్నాం, కానీ ఆనందించడు అన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నది ఇలాంటి సర్కారుని చూసే పుట్టి ఉంటుంది.

అందుకని వాటా వచ్చిన మొదటిసారి ఊరి మొదట్లో గులాబీ రంగు ఆర్చి కట్టారు. రెండోసారి ఆర్చికి లైట్లు పెట్టారు. మూడోసారి ఆ లైట్లు ఎవరూ ఎత్తుకుపోకుండా ఆర్చి చుట్టూ కంచె వేశారు. పైన పటారం, లోన లొటారం. ఆ ఆర్చి లేచిన ఏడాది నుంచే మా కాలవ పొంగడం మొదలైంది. దాన్ని ఎవరి దృష్టికి తెచ్చినా నాది ఏడుపుగొట్టు మొహం అన్నారు.

మా కాలవ మా వీధి వెంట వచ్చి మెయిన్ రోడ్డు కింద కల్వర్టులో దూరి సరస్సు అవతలికి పోవాలి. పోదు. కల్వర్టు దగ్గర ఏదో అడ్డం పడింది. కాలవ మున్సిపాలిటీది, రోడ్డు రాష్ట్రానిది. ఊరి ఇంజనీరు "అడ్డం రోడ్డు కింద ఉంది, మాది కాదు" అంటాడు. రోడ్డువాళ్ళు "రోడ్డు మాది, అందులో పారే మురుగు మీది. కల్వర్టు ముట్టుకుంటే మాత్రం కేసు పెడతాం" అంటారు. ఈ ఇద్దరి మర్యాదల మధ్య, వాన పడ్డప్పుడల్లా నీళ్ళు వెనక్కి తన్ని తిన్నగా మా అత్తయ్య గదిలోకి వస్తాయి.

అత్తయ్య గది వరండా చివర, వీధి వైపు. లాడ్జి మొదలైందే ఆ గదితో. మా అత్తామామలు దాన్ని టూరిస్టులకి అద్దెకిచ్చి, తాము వంటింట్లో పడుకునేవారట. అలా ఒక్కో గదీ లేచింది. మోకాళ్ళు పోయాక ఆవిడ ఆ గదిలోనే స్థిరపడింది. కిటికీ పక్కనే మంచం. ఎవరు ఏ బస్సు దిగారు, ఎవరు భార్యతో పోట్లాడి విడిగా నడుస్తున్నారు, ఎవరు అద్దె ఎగ్గొట్టే రకం, అన్నీ అక్కణ్ణుంచే చెప్పేది. "అమ్మాయీ, ఆ నల్ల కళ్ళద్దాలవాడి దగ్గర ముందే డబ్బు తీసుకో" అని కేకేసేది. ఒక్కసారి కూడా తప్పలేదు. నీళ్ళొచ్చినప్పుడు కాళ్ళు మంచమ్మీదికి లాక్కొని కూర్చునేది తప్ప గది వదల్లేదు.

"మేడమీదికి రావచ్చుగా, అత్తయ్యా" అంటే, "నీళ్ళొచ్చి నీళ్ళే పోతాయి. నేనెందుకు పోవాలే?" అనేది.

మున్సిపల్ ఛైర్మను మాకు పరాయివాడు కాదు. అత్తయ్యకి సొంత మేనల్లుడు, మా ఆయనకి బావ, నాకు అన్నయ్య వరస. ఊళ్ళో అందరూ ఆయన్ని కత్తెర అంటారు. ప్రారంభోత్సవాలంటే అంత ప్రాణం. జేబులో సొంత కత్తెర లేకుండా గడప దాటడు. మనిషి చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు తల్లి పోతే అత్తయ్యే ఈ గదిలో పెంచింది. అందుకే ఒకసారి పెద్ద వానకి అత్తయ్య చెప్పులు తేలుతూ వీధిలోకి వెళ్ళిపోవడం చూసి ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

"ఇంక ఊరుకోను, చెల్లాయ్. ఈసారి వాటా అంతా ఈ కాలవకే."

"కాలవకి ఇవ్వరుగా, అన్నయ్యా."

"కాలవ అంటే ఇవ్వరు. ఏమంటే ఇస్తారో అదే అంటాను."

ఆయన అన్నది, చారిత్రక జలమార్గం. ఇటుకలతో కట్టిన పాత కాలవే కాబట్టి అబద్ధం అనడానికీ లేదు. పూర్వీకుల జలవిజ్ఞానం, వంపులోని సౌందర్యం, ప్రవాహంలోని గాంభీర్యం అంటూ నివేదిక రాయించి రాష్ట్రానికి పంపాడు. నాకు చదివి వినిపిస్తే నవ్వు ఆగలేదు. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

"ఒరే, రోగం దాచిపెడితే వైద్యం ఎట్లా జరుగుతుందిరా?" అంది.

"ముందు డబ్బు రానీ, అత్తా. జలమార్గం పేరు చెప్పి కల్వర్టు బాగుచేయించేస్తా."

పర్యాటక డైరెక్టరు స్వయంగా చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. అంతే, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనిది, మా కాలవని కడిగారు. ఇటుకలకి ఎర్రరంగు పూశారు. గట్టు మీద పూలకుండీలు పెట్టారు. ఎండాకాలం కాబట్టి ప్రవాహంలో గాంభీర్యం కనబడదని రెండు ట్యాంకర్ల మంచినీళ్ళు తెచ్చి పోశారు. ఆ రోజు ఊళ్ళో కుళాయిలు రాలేదు.

డైరెక్టరు నెమ్మదస్తుడు. పాతవంటే నిజమైన పిచ్చి ఉన్నవాడిలా కనిపించాడు. కాలవ పక్కన గొంతుక్కూర్చుని ఇటుకల్ని వేళ్ళతో తడిమాడు. "ఎంత ప్రశాంతంగా ఉందండీ" అన్నాడు. ఛైర్మను మొహం వెలిగిపోయింది. వరండాలో కుర్చీలు వేసి నేను టీ ఇచ్చాను.

కిటికీలోంచి అత్తయ్య, "బాబూ, వాన పడ్డ రోజున ఒకసారి రా, నాయనా" అంది.

"వానలో ఇంకా అందంగా ఉంటుందని మా అత్త ఉద్దేశం సార్" అని ఛైర్మను అందుకున్నాడు.

టీ సగంలో ఉండగా, పోసిన ట్యాంకరు నీళ్ళు కల్వర్టు దాకా పోయి, అడ్డం తగిలి, వచ్చిన దారినే వెనక్కొచ్చాయి. మెల్లగా వరండా ఎక్కి అందరి కళ్ళ ముందే అత్తయ్య గదిలోకి దూరాయి. అలవాటు కొద్దీ ఆవిడ కాళ్ళు మంచమ్మీదికి తీసుకుంది. డైరెక్టరు కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఇది కూడా జలమార్గంలో భాగమేనా?"

అప్పుడు నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఛైర్మను కళ్ళ ముందు వాటా ఊగుతోంది. చెబితే అది చేయిజారిపోతుందని భయం.

"అవును సార్! ఇదే ఆఖరి ఘట్టం. నీళ్ళు ఇంట్లోకి వచ్చి పలకరించి వెళ్ళేలా పెద్దలు కట్టారు."

డైరెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అత్తయ్య మేనల్లుడి వంక చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

మంజూరు వచ్చింది. జలమార్గాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించారు. అంటే దాన్ని తవ్వకూడదు, తొలవకూడదు, ప్రవాహం దిశ మార్చకూడదు. నీళ్ళు వెనక్కి వస్తున్నాయంటే వెనక్కే రావాలి. కల్వర్టులో అడ్డం కూడా కట్టడంలో భాగమే. ఆఖరి ఘట్టమైన గదిలో మనుషులు కాపురం ఉండకూడదు, వస్తువులు కదపకూడదు, మంచంతో సహా. ఇంతా చేస్తే ఈసారి ఊరికి రావాల్సిన పావు వాటా? రక్షిత కట్టడం రాష్ట్రానిది కాబట్టి, దాని పోషణ కోసం అదీ రాష్ట్రమే ఉంచుకుంటుందట. మా చేతికి దక్కింది బోర్డులు, రంగుల లైట్లు, ఒక ప్రారంభోత్సవం.

ఛైర్మను ఆ ఉత్తర్వు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి, "నేనిలా అనుకోలేదు, అత్తా" అన్నాడు.

"నువ్వు అనుకోవుగా. అంటావు" అంది అత్తయ్య.

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చెరో వైపూ పట్టుకొని మా ఆయనా, ఛైర్మనూ మేడ ఎక్కించారు. సరస్సు కనబడే గది ఇచ్చాం. మా లాడ్జిలో దానికే గిరాకీ ఎక్కువ. అత్తయ్య కిటికీలోంచి కాసేపు చూసి, "నీళ్ళు. వీటిని ఎంతసేపు చూస్తామే? మనుషులేరీ?" అంది.

ఆవిడ అలా సర్దుకుందో లేదో, రాష్ట్రం తరఫున గది పన్ను లెక్కలు చూసే మున్సిపాలిటీ బిల్లు కలెక్టరు వచ్చాడు. మేడమీది గదులన్నీ బస గదులుగా నమోదయ్యాయి కాబట్టి అందులో పడుకున్న ప్రతి మనిషీ టూరిస్టే, పన్ను కట్టాలి అన్నాడు. ఈ ఇంటికి యజమానురాలయ్యా అంటే, యజమానురాలు కింద గదిలో ఉన్నట్టు రాసి ఉంది, ఈవిడ పైన ఉంది కదా అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చిన తిట్టు మింగుకున్నాను. అత్తయ్యే అతన్ని దగ్గరికి పిలిచింది.

"రాసుకోరా. ఏం కావాలి?"

"ఎక్కణ్ణుంచి వచ్చారండీ?"

"కిందనుంచి."

"వచ్చిన పని?"

"తరిమారు, వచ్చాను."

"ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తారు?"

"ఇంకా పైకి. ఆ దారిలో ఎవరి వాటా ఎంతో కనుక్కో."

అతను నవ్వు ఆపుకుంటూ, "ఎన్నాళ్ళు ఉంటారు?" అని అడిగాడు. అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకుంది. అతను కూడా తల దించుకొని, ఆ గడి ఖాళీగా వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆవిడ నన్ను తిట్టడం మానేసింది. కూరలో ఉప్పు ఎక్కువైనా తినేసేది. ఎవరొచ్చారని అడగడం లేదు. ఓ పెద్దమనిషి అద్దె ఎగ్గొట్టి పోయాడని చెప్పినా "పోనీలే" అంది. తిట్టే అత్తని ఎలాగైనా భరించొచ్చు, పోనీలే అనే అత్తని భరించలేను. మా ఆయన మెట్ల మీద కూర్చుని, "అమ్మ అక్కడ ఎక్కువ కాలం ఉండదే" అన్నాడు. ఏ అర్థంలో అన్నాడో నేను అడగలేదు.

ప్రారంభోత్సవం నాడు పొద్దుటి నుంచీ మబ్బు. డైరెక్టరు వచ్చాడు. టూరిస్టులు గొడుగులు పట్టుకొని మూగారు. అత్తయ్య గది గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. ఛైర్మను కత్తెర తీశాడు గానీ ఆయన మొహంలో పెళ్ళికళ లేదు. ఉపన్యాసం మధ్యలో వాన దబదబా దంచేసింది. కాలవ నిండింది. గుడగుడమని, నీళ్ళు వెనక్కి తన్నే ఆ పాత చప్పుడు మొదలైంది.

మేడమీద నుంచి కేక వినబడింది. "అమ్మాయీ! నా గదిలోకి నీళ్ళొస్తున్నాయే! నన్ను దించు!"

ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది. నేనూ మా ఆయనా పరిగెత్తాం. కుర్చీతో సహా దించాం. అందరూ చూస్తుండగా అత్తయ్య చేత్తో రిబ్బను పైకెత్తి, కిందనుంచి దూరి, గోడ పట్టుకొని నడిచి తన మంచమ్మీద కూర్చుంది. కాళ్ళు పైకి తీసుకోలేదు. కిందే పెట్టుకొని నీళ్ళ కోసం చూస్తోంది.

నీళ్ళు వరండా ఎక్కుతున్నాయి. అడ్డం పెట్టడానికి నా కళ్ళకి ఇంకేమీ కనబడలేదు. కౌంటరు వెనక్కి వెళ్ళి, స్టూలెక్కి, ఆ రేకు బోర్డుని మేకుల్లోంచి ఊడలాగాను. తెచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాను. కొలిచి చేయించినట్టు సరిపోయింది. సందుల్లో గోనెసంచులు కుక్కాను. నీళ్ళు వచ్చి "ఊరి అందానికే" దగ్గర తగిలి, "ప్రతి పైసా" దాకా ఎగబాకి, అక్కడ ఆగిపోయాయి.

టూరిస్టులు చప్పట్లు కొట్టారు. అదీ కార్యక్రమంలో భాగం అనుకున్నారు పాపం. డైరెక్టరు మాత్రం తన చేతిలోని జలమార్గం కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకొని, మంచమ్మీద కూర్చున్న అత్తయ్య వైపు చూపించి ఛైర్మన్ని అడిగాడు.

"ఆవిడ కూడా జలమార్గంలో భాగమేనా?"

ఛైర్మను కత్తెర వంక చూసుకున్నాడు. అత్తయ్య వంక చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

"కాదు సార్" అన్నాడు. "ఆవిడ మా అత్త. ఇది ఆవిడ గది. నన్ను పెంచిన గది. ఇది జలమార్గమూ కాదు, పాడూ కాదు. మురిక్కాలవ. నీళ్ళు వెనక్కి తన్ని ముసలావిడ మంచం కిందికి పోతున్నాయి. నేనే మీకు అబద్ధం చెప్పాను."

డైరెక్టరు కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఆఖరికి, "అయితే జాబితాలోంచి తీసేయాలండీ. ఖర్చయిందంతా మీ మున్సిపాలిటీయే తిరిగి కట్టాలి. వచ్చే వాటాలు కూడా ఆగిపోతాయి" అన్నాడు. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ వినబడింది.

"ఆగనీండి" అన్నాడు ఛైర్మను. కత్తెర జేబులో పెట్టేసుకున్నాడు. బూట్లు విప్పి, పంచె పైకి బిగించి, "బావా, గునపం ఉందా?" అని మా ఆయన్ని అడిగాడు. "రక్షిత కట్టడం కాదని నేనే చెప్పేశాను. ఇంక రోడ్డువాళ్ళు కేసు పెడితే పెట్టుకోనీ."

ఇద్దరూ వానలో కల్వర్టు మూతి దగ్గర నడుంలోతు మురుగులో దిగారు. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కలిశారు. బిల్లు కలెక్టరు కూడా ప్యాంటు మడిచి దిగాడు. అడ్డం పడ్డదాన్ని తాళ్ళు కట్టి లాగి గట్టు మీద పడేశారు. ఇనుప చువ్వలు పొడుచుకొచ్చిన పెద్ద కాంక్రీటు ముద్ద. వాన దాన్ని కడుగుతుంటే ఒక పక్క రంగు బయటపడింది. గులాబీ రంగు.

ఛైర్మను దాన్నీ, దూరంగా వానలో లైట్లతో మెరుస్తున్న ఆర్చినీ మార్చి మార్చి చూశాడు. "ఇది మనదే, చెల్లాయ్. మొదటి వాటా" అన్నాడు. ఆర్చి కట్టగా మిగిలిన చెత్తంతా కాంట్రాక్టరు కాలవలోకి తోసేశాడన్నమాట. నాది ఏడుపుగొట్టు మొహం అన్న వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

నీళ్ళు ఒక్కసారి గట్టిగా గుటక వేసి, సరస్సు అవతలికి పారిపోయాయి. వరండా ఆరింది. అత్తయ్య కిటికీలోంచి, "ఒరేయ్ కత్తెరా, ఆ మురుగుతో నా గదిలో అడుగు పెట్టావంటే చంపేస్తా. కాళ్ళు కడుక్కొని రా, అన్నం తిందువు గాని" అంది. ఛైర్మను వాన నీళ్ళతో పాటు కళ్ళూ తుడుచుకున్నాడు.

ఊరికి వాటా ఆగిపోయింది. పన్ను మాత్రం ఆగలేదు, నేను వసూలు చేస్తూనే ఉన్నాను. కాలవ పారుతోంది కాబట్టి గుమ్మానికి రేకు అవసరం కూడా లేదు. అయినా అత్తయ్య దాన్ని తియ్యనివ్వడం లేదు. దాని మీంచి కాలు ఎత్తి దాటలేనంటూనే, నన్ను పట్టుకొని దాటుతుంది.

మొన్న బిల్లు కలెక్టరు వచ్చి, "బోర్డు గోడ మీద లేదేమండీ? పైవాళ్ళు చూస్తే జరిమానా వేస్తారు" అని నసిగాడు.

"అందరికీ కనబడే చోట పెట్టమని కదయ్యా రూలు? అక్కడికంటే బాగా ఎక్కడ కనబడుతుంది?"

లోపల్నుంచి అత్తయ్య గొంతు లేచింది. "దాన్ని కదిపావంటే చూడు! ఇన్నేళ్ళ పన్నులో నా వాటా అదొక్కటే!"